ఆరో తోక చేసే పని

ఒకే క్రిమి సోకితే ఒకరు నాలుగు రోజుల్లో లేచి తిరుగుతారు, మరొకరు ఐసీయూ పాలవుతారు. ఎందుకని అడిగారు ఒక పాఠకురాలు. వయసు, షుగరు, ఆలస్యమైన వైద్యం అందరికీ తెలిసిన కారణాలే. వాటిని దాటి జన్యువుల దగ్గరికి వెళదాం, అసలు కథ అక్కడుంది.

ఈ.కోలై, టైఫాయిడ్ క్రిమి వంటి బ్యాక్టీరియాల పైపొరలో లిపోపాలీశాకరైడ్ (ఎల్‌పీఎస్) అనే విష పదార్థం ఉంటుంది. క్రిమి చచ్చినా దీని విషం చావదు. విచిత్రమేమంటే, ఇది మన కణాలను నేరుగా చంపేది తక్కువ. దీన్ని పసిగట్టి మన శరీరం లేపే జ్వరం, పడిపోయే బీపీ, అవే ప్రాణం తీస్తాయి.

మరి పసిగట్టేది ఎవరు? చాలాకాలం సీడీ14 అనే ప్రొటీన్ అనుకున్నారు. కానీ అది కణం బయటే వేలాడుతుంది, లోపలికి కబురెలా పంపుతుంది? 1998లో టీఎల్‌ఆర్2 అనే మరో ప్రొటీన్ అని ప్రకటించారు. తర్వాత చూస్తే వాడిన ఎల్‌పీఎస్‌లోనే వేరే బ్యాక్టీరియా ప్రొటీన్లు కలిసి ఉన్నాయి! 1998లోనే శాస్త్రవేత్త బ్రూస్ బ్యూట్లర్ బృందం అసలు జవాబు పట్టుకుంది: అది టీఎల్‌ఆర్4. సీ3హెచ్/హెచ్ఈజే జాతి ఎలుకలకు ఎంత ఎల్‌పీఎస్ ఎక్కించినా చలనం ఉండదు. వాటి టీఎల్‌ఆర్4 ప్రొటీన్‌లో 712వ స్థానంలో ప్రోలీన్‌కు బదులు హిస్టిడిన్ ఉంది. ఒక్క అమైనో ఆమ్లం! అయితే విషం తగలని ఈ ఎలుకలు సాల్మొనెల్లా సోకితే తేలిగ్గా చచ్చిపోతాయి. శత్రువు వచ్చిన సంగతే వాటికి తెలియదు. బ్యూట్లర్‌కు 2011లో నోబెల్ దక్కింది.

నన్ను అన్నిటికన్నా కట్టిపడేసింది 2009లో కొరియా శాస్త్రవేత్తలు చూపిన నిర్మాణం. ఈ.కోలై ఎల్‌పీఎస్‌కు ఆరు కొవ్వు తోకలు. టీఎల్‌ఆర్4ను అంటిపెట్టుకున్న ఎండీ-2 అనే ప్రొటీన్ గూటిలో ఐదు తోకలు ఒదిగిపోతాయి. ఆరోది బయటే మిగిలి, పక్కనున్న రెండో టీఎల్‌ఆర్4ను తాకి దగ్గరికి లాగుతుంది. రెండూ జతకడితేనే కణం లోపల అలారం మోగుతుంది. ప్లేగు క్రిమి ఎత్తు చూడండి: మన ఒంటి వేడికి చేరగానే నాలుగు తోకల ఎల్‌పీఎస్ తయారుచేస్తుంది. అలారం దాదాపు మోగదు.

మనుషుల్లోనూ టీఎల్‌ఆర్4 అందరికీ ఒకేలా లేదు. కొందరికి 299వ స్థానంలో ఆస్పార్టిక్ ఆమ్లం బదులు గ్లైసిన్ ఉంటుంది. 2000లో అమెరికాలో 83 మంది ఆరోగ్యవంతుల చేత ఎల్‌పీఎస్ పీల్పిస్తే, ఈ మార్పు ఉన్నవారి శ్వాసనాళాల స్పందన మొత్తమ్మీద తక్కువగా ఉంది. మార్పు ఉన్నా గట్టిగా స్పందించినవారున్నారు, లేకున్నా స్పందించనివారూ ఉన్నారు. కాబట్టి ఈ ఒక్క అక్షరం చూసి జాతకం చెప్పబోయేవారిని నమ్మకండి.

మందు సంగతంటారా? నాలుగు తోకలతో ఎండీ-2 గూటిని మూసేసే ఎరిటోరాన్ అనే మందును దాదాపు 2000 మంది సెప్సిస్ (ఇన్ఫెక్షన్‌కు శరీరం అదుపు తప్పి స్పందించే స్థితి) రోగులపై పరీక్షించారు. 2013లో ఫలితాలు వచ్చాయి. మరణాలు తగ్గలేదు.