సోలలో ఎన్ని గ్రాములు?

గౌతమికి ఒక ఒడ్డున జొన్నాడ, వంతెన దాటితే రావులపాలెం. చుట్టూ వరి పండే ఊళ్లే. కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ‘ఒకటి’ అనేవారు కాదు. ‘లాభం’ అని, ఆపైన రెండు, మూడు అంటూ లెక్క సాగించేవారు. ఆ కుంచంలో నాలుగు మానికలు, మానికకు రెండు తవ్వలు, తవ్వకు రెండు సోలలు, సోలకు నాలుగు గిద్దలు. వంటింటి లెక్కంతా ఈ చివరి మెట్ల మీదే నడిచింది.

సోలెడు మినప్పప్పుకు రెండు సోలల ఇడ్లీ రవ్వ అంటే, సోల చిన్నదైనా పెద్దదైనా ఇడ్లీ చెడదు. రెండూ ఒకే సోలతో కొలుస్తాం గనుక పాళ్లు మారవు. అదే వంటకం అమలాపురం నుంచి అమెరికాలో కూతురింటికి చేరితేనే చిక్కు. అక్కడ సోల ఉండదు, గ్రాములు కావాలి.

1956లో తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం వచ్చింది. 1958 అక్టోబరు నుంచి కిలోలు అమల్లోకి రావడం మొదలై, కొన్నేళ్లలోనే వీశెలు, శేర్లు అంగళ్ల నుంచి తప్పుకున్నాయి. పప్పు కిలోల్లో కొని సోలలతో వండే అలవాటు మాత్రం ఇళ్లలో ఉండిపోయింది.

సోలకు ఇన్ని గ్రాములని ఒకే అంకె చెప్పడం కుదరదు. సోల కొలిచేది చోటును. ఆ చోటులో గింజతోపాటు గాలీ ఉంటుంది. బియ్యం పోసిన గ్లాసులో నలభై శాతం దాకా గాలే. 200 మిల్లీలీటర్ల గ్లాసులో నూనె సుమారు 183 గ్రాములు తూగితే, బియ్యం 160కి అటూఇటూ ఉంటుంది. తేనె 280 దాకా పోతుంది. అన్నింటికంటే నమ్మరానిది పిండి. జల్లించి పోస్తే 100 గ్రాములు, అదిమి నింపితే 130 దాటుతుంది. అమెరికాలో ఫ్యానీ ఫార్మర్ 1896లో అచ్చువేసిన వంట పుస్తకంలో కప్పు అంచు దాకా తలకొట్టి కొలవమని పట్టుబట్టింది. గోపురం కట్టే కొలత కన్నా అది ఎంతో మేలే. కానీ అంచు సమం చేసినంత మాత్రాన పిండిలోని గాలి సమం కాదు.

ఆ చిక్కు తీర్చింది బరువు. ఇవాళ గట్టు మీద పెట్టుకునే డిజిటల్ కాటాలో పళ్లెం కింద చిన్న అల్యూమినియం కడ్డీ ఉంటుంది. గిన్నె పెట్టగానే అది కంటికి కనబడనంతగా వంగుతుంది. దానికి అతికించిన సన్నని లోహపు రేకు సాగి, విద్యుత్తుకు దాని నిరోధం పిసరంత పెరుగుతుంది. లోపలి చిప్ ఆ తేడాను గ్రాములుగా మార్చి చూపిస్తుంది. 1930ల చివర కాల్టెక్‌లో ఎడ్వర్డ్ సిమన్స్, ఎంఐటీలో ఆర్థర్ రూజ్ వేర్వేరుగా ఈ ఉపాయం కనిపెట్టారు. అప్పట్లో అతికించింది సన్నని తీగ. రేకు తర్వాత వచ్చింది. రూజ్ వెతికింది వంటింటి కోసం కానే కాదు: భూకంపం వస్తే నీళ్ల ట్యాంకు ఎంత ఒత్తిడి తట్టుకుంటుందో నమూనాపై కొలవడానికి.

మీ ఇంట్లో పాత ఇత్తడి సోల ఉంటే పారేయకండి. ఖాళీ సోలను కాటా మీద పెట్టి అంకెను సున్నా చేయండి. అంచు దాకా నీళ్లు పోస్తే కనబడే గ్రాములే మీ సోల మిల్లీలీటర్లు. తుడిచి ఆరబెట్టి బియ్యం, మినప్పప్పు, రవ్వ, బెల్లం కోరు ఒక్కొక్కటే తలకొట్టి తూచండి. పెద్దవాళ్లు ‘సోలెడు’ అన్న చోటల్లా పక్కన ఆ గ్రాములు రాసి పిల్లలకు పంపండి.