స్నోబోర్డు కొంటున్నారా? గడ్డం దాకా కొలవకండి, బరువు చూసుకోండి!

హైదరాబాద్‌లో ఉన్నన్నాళ్లూ మంచు అంటే నాకు స్నో వరల్డ్‌లో గడిపిన ఆ గంటే. సియాటెల్ వచ్చాక సీన్ మారింది. చలికాలంలో శుక్రవారం రాత్రయితే చాలు, వాట్సాప్ గ్రూపులో ఒకటే మెసేజ్: "రేపు స్నోక్వాల్మీకి ఎవరెవరు?" ట్రాఫిక్ లేకపోతే గంటలో కొండ మీద ఉంటాం. అందరూ వెళ్తుంటే మనం ఆగుతామా? సెకండ్ హ్యాండ్‌లో ఒక బోర్డు కొనేశా. పొడవు 159 సెంటీమీటర్లు. అమ్మినతను దాన్ని నా పక్కన నిలబెట్టి, "చూడు, కరెక్ట్‌గా గడ్డం దాకా వచ్చింది. నీ సైజే" అన్నాడు. మంచి బేరమని మురిసిపోయా.

మూడో వారం కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు ఎడమ చేత్తోనే కోడ్ కొట్టా.

తప్పంతా బోర్డుదే అనను. రిస్ట్ గార్డులు వేసుకోలేదు, అది నా బద్ధకం. స్నోబోర్డింగ్‌లో కొత్తవాళ్లకి ఎక్కువగా తగిలే దెబ్బ మణికట్టుకే. పడబోతూ చేతులు చాపేస్తాం కదా, అందుకు. కానీ అన్నిసార్లు ఎందుకు పడ్డానో కట్టు కట్టించుకుని ఖాళీగా కూర్చున్నప్పుడు చదివితే అర్థమైంది. నా ఎత్తు 178 సెంటీమీటర్లు, బరువు 59 కిలోలు. ఇంట్లో గడకర్ర అంటారు. ఆ బోర్డేమో 68 కిలోల పైన ఉన్నవాళ్ల కోసం చేసింది. ఆ సంగతి కంపెనీ సైజ్ చార్టులో స్పష్టంగా ఉంది. నేనే చూడలేదు.

స్నోబోర్డుకి మీ ఎత్తుతో పెద్దగా పని లేదు. పైనుంచి ఎంత బరువు పడుతోంది, ఎంత పెద్ద పాదాలతో నొక్కుతున్నారు... దానికి కావాల్సింది ఇవే. బోర్డు ఒక స్ప్రింగు లాంటిది. మలుపు తిరగాలంటే దాన్ని ఒక అంచు మీదకి వాల్చి, మన బరువుతో కాస్త వంచాలి. అప్పుడే ఆ ఇనుప అంచు మంచుని పట్టుకుని వంపు తిరుగుతుంది. నాలాంటి బక్కోడు పొడవాటి, గట్టి బోర్డు ఎక్కితే అది వంగదు, చెప్పిన మాట వినదు. సరిగ్గా వాల్చలేక బల్లపరుపుగా జారుతుంటే, లోయ వైపు అంచు మంచులో తట్టుకుంటుంది. అంతే, కళ్లు మూసి తెరిచేలోగా నేల మీద ఉంటాం. దీన్నే ఎడ్జ్ క్యాచ్ అంటారు. ఒక్కసారి అనుభవిస్తే జన్మలో మర్చిపోరు.

మా రూమ్మేట్‌ది సరిగ్గా దీనికి రివర్స్ కథ. ఎత్తు 163, బరువు 84. గడ్డం లెక్కన అద్దెకి 144 బోర్డు తీసుకున్నాడు. గట్టి మంచు మీద బాగానే ఉన్నాడు గానీ, కొత్తగా కురిసిన మంచులోకి వెళ్లగానే ముందు కొస మునిగిపోయేది. వేగం పెరిగితే కాళ్ల కింద వణుకు. "మామా, నాకిది రాదురా" అని మానేయబోయాడు. ఆ బరువుకి 150ల మధ్యలో ఉన్న బోర్డు కావాలని మా ఇద్దరికీ తర్వాత తెలిసింది.

కాబట్టి ఇండియాకి వెళ్లేటప్పుడు సూట్‌కేసులు తూచే మిషన్ ఉంటుంది కదా, ముందు దాని మీద మీరెక్కండి. అద్దె కౌంటర్లో ఫారమ్ నింపేటప్పుడు బరువు తగ్గించి రాయకండి. అక్కడ ఎవరూ మనల్ని పెళ్లిచూపులు చూడట్లేదు. ఆ నంబరు తీసుకుని, కొనబోయే మోడల్ చార్టులో చూడండి. ఒక కంపెనీ 154, ఇంకో కంపెనీ 154 ఒకేలా ఉండవు. రేంజ్ మధ్యలో పడితే మంచిది. కొత్తవాళ్లయితే ఆ రేంజ్‌లో పొట్టి వైపు మొగ్గండి, తిప్పడం తేలిక.

రెండోది పాదం. అసలు బోర్డు కంటే ముందు బూట్లు కొనాలని నా సలహా. వేళ్లు ముందు భాగానికి ఆనీ ఆననట్టు ఉండాలి, మోకాళ్లు వంచినప్పుడు మడమ పైకి లేవకూడదు. అరగంట వేసుకుని షాపులోనే తిరగండి, సిగ్గుపడకండి. బూటు సైజు తెలిశాక బోర్డు నడుము వెడల్పు చూడాలి. వెడల్పు చాలకపోతే బూటు కొసలు బయటికి పొడుచుకొచ్చి, వాలినప్పుడు మంచుని గీరతాయి. అక్కడే జారి పడతాం. రెండు వైపులా ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్లు బయటికి ఉంటే ఫర్వాలేదు. అమెరికా కొలతలో 11, ఆపైన బూటు వేసుకునే మగవాళ్లు వైడ్ మోడల్స్ చూడాలి. చిన్న పాదాలకి వెడల్పు బోర్డు ఇస్తే ఒక అంచు నుంచి ఇంకో అంచుకి మార్చడం పడవ తిప్పినట్టు ఉంటుంది. ఆడవాళ్ల మోడల్స్ నడుము దగ్గర సన్నగా ఉండేది ఇందుకే, రంగుల కోసం కాదు.

ఇక మీరు ఎలా తొక్కుతారనేది. పార్కులో గెంతులు, రెయిల్స్ మీద విన్యాసాలు చేసేవాళ్లకి ముందూ వెనకా ఒకేలా ఉండే ట్విన్ బోర్డు, మెత్తటిది. లోతు మంచులో, ఏటవాలు కొండల్లో దూకుడుగా దిగేవాళ్లకి ముందు కొస పొడవుగా ఉన్న గట్టి డైరెక్షనల్ బోర్డు. మనలా వారానికోసారి అన్నీ కాస్త కాస్త చేసేవాళ్లకి ఆల్ మౌంటెన్. గట్టిదనాన్ని చాలా కంపెనీలు పదికి ఇన్ని అని చెప్తాయి. మొదటి రెండు సీజన్లకి 3, 4 చాలు. నాది 8. స్కూటీ నేర్చుకోవాల్సిన రోజున రేసు బైకు ఎక్కా!

కాంబర్, రాకర్ అనే మాటలు కూడా వినిపిస్తాయి. బోర్డుని నేల మీద పెట్టండి. మధ్య భాగం వంతెనలా పైకి లేస్తే కాంబర్: అంచు పట్టు బాగుంటుంది, కానీ తప్పులు క్షమించదు. అరటిపండులా కొసలు పైకి లేస్తే రాకర్: ఎడ్జ్ క్యాచ్‌లు తక్కువ, లోతు మంచులో తేలుతుంది, గట్టి ఐసు మీద మాత్రం జారుతుంది. రెండూ కలిపిన హైబ్రిడ్‌లు కూడా ఉన్నాయి, నాకిప్పుడు అదే ఉంది. మా వైపు మంచు తడిసి బరువుగా ఉంటుంది. కాస్కేడ్ కాంక్రీట్ అని ముద్దుపేరు. కొలరాడోలో ఉన్న పొడి పొడి మంచు వేరు. అక్కడి ఫ్రెండ్ మెచ్చుకున్న బోర్డు ఇక్కడ మీకు నచ్చాలని లేదు.

1965లో మిషిగన్‌లో షెర్మన్ పాపెన్ తన పిల్లల కోసం రెండు స్కీలు జత చేసి బిగించి స్నర్ఫర్ తయారు చేసినప్పుడు ఈ చార్టుల గొడవేమీ లేదు. ఇప్పుడు ఇన్ని రకాలున్నాయి కాబట్టే మొదటి నాలుగైదు ట్రిప్పులు అద్దెవి వాడమంటాను. ప్రతిసారీ బోర్డు మీదున్న సైజు ఫొటో తీసుకోండి. ఎడమ కాలు ముందు పెట్టే రెగ్యులరా, కుడికాలు పెట్టే గూఫీయా అన్నది కూడా అప్పుడే తేలుతుంది. సాక్సులతో నున్నటి గచ్చు మీద జారి చూస్తే ఇంట్లోనే కొంత తెలిసిపోతుంది. సెకండ్ హ్యాండ్ కొంటే అంచుల్లో పగుళ్లు, పొరలు విడిపోవడం, మీ బైండింగ్‌లకి సరిపోయే రంధ్రాలున్నాయా అన్నవి చూసుకోండి.

ఇప్పుడు నా దగ్గరున్నది 149. మూడో సీజన్, బ్లూ రన్స్ హాయిగా దిగుతున్నా, రిస్ట్ గార్డులతో. ఆ పాత 159ని మా రూమ్మేట్ తీసుకున్నాడు. అతని బరువుకి చక్కగా సరిపోయింది, నాకంటే ముందే బ్లాక్ డైమండ్ దిగేశాడు. డబ్బులే ఇంకా ఇవ్వలేదు.