ఫైళ్ల ప్రయాణం

పరీక్షా ఫలితాల పట్టిక గాని, ఉపకారవేతనపు దరఖాస్తు గాని, ఈ వార్షిక సంచికలోని వ్యాసాలు గాని నేడు ఏదో ఒక సర్వర్‌లో చోటు చేసుకొనక తప్పదు. సర్వర్ అనగా అడిగినవారికి అడిగిన ఫైలును అందించుటకు నిత్యము సిద్ధంగా ఉండే కంప్యూటర్. ఒక సర్వర్‌లోని ఫైలు మరొక సర్వర్‌కు చేరినదని తెరపై కనిపించినంత మాత్రాన అది చెక్కు చెదరకుండా చేరినట్లా? ఇతరుల కంట పడకుండా చేరినట్లా? ఈ రెండు ప్రశ్నలను విద్యార్థి మిత్రుల ముందుంచుటకే ఈ వ్యాసం.

అమెరికాలో 1969లో ఆర్పానెట్ అనే కంప్యూటర్ల అనుసంధానం ఆరంభమైనది. దానిలో చేరిన యంత్రాలు ఒక జాతివి కావు. ఒకదానిలో పదం పొడవు 36 బిట్లు, మరొకదానిలో 32. ఫైలుకు పేరు పెట్టే తీరు, పంక్తి ముగింపును గుర్తించే తీరు కూడా వేరువేరు. ఒకరి భాష ఒకరికి తెలియని ఈ యంత్రాల మధ్య దుబాసీగా పనిచేయగల నియమావళిని 1971 ఏప్రిల్‌లో రచించినవారు అభయ్ భూషణ్. వారు అలహాబాదులో జన్మించి, కాన్పూరు ఐ.ఐ.టి. తొలి విద్యార్థి బృందంలో ఒకరుగా 1965లో పట్టభద్రులై, అమెరికాలోని ఎం.ఐ.టి.కి వెళ్లినవారు. ఆ నియమావళి పేరే ఎఫ్.టి.పి. 1985 అక్టోబరులో వెలువడిన దాని సవరించిన రూపం ప్రామాణికంగా నిలిచినది.

ఎఫ్.టి.పి. రెండు మార్గాలలో నడుస్తుంది. 21వ సంఖ్య గల ద్వారం గుండా ఆజ్ఞలు, వాటికి జవాబులు పోతాయి. ఫైలులోని సరుకు మాత్రం వేరొక మార్గాన ప్రయాణిస్తుంది. పుస్తకాల దుకాణానికి టెలిఫోనులో ఆర్డరు చెప్పి, పుస్తకాలను లారీలో తెప్పించుకొనుట వంటిది ఈ ఏర్పాటు. లారీ దారిలో ఉండగానే టెలిఫోనులో “ఇక వద్దు” అని చెప్పవచ్చును. సర్వర్ జవాబులు మూడంకెల సంఖ్యలుగా వస్తాయి. 331 అంటే సంకేతపదం చెప్పుమని, 230 అంటే లోనికి రావచ్చునని, 226 అంటే బదిలీ పూర్తి అయినదని అర్థం.

ఆ 226ను నమ్మి నేను ఒకసారి నష్టపోయితిని. ఒక పదవీ విరమణ సభలో తీసిన పదిహేను ఛాయాచిత్రాలను విండోస్ కంప్యూటర్ నుండి లినక్స్ సర్వర్‌కు పంపి, “పూర్తి” అని కనిపించగానే కెమెరాలోని ప్రతులను, కంప్యూటర్‌లోని ప్రతులను చెరిపివేసితిని. పేర్లన్నీ సరిగానే ఉన్నవి. ఒక్క చిత్రమూ సవ్యంగా తెరుచుకొనలేదు.

కారణం ఇది. ఎఫ్.టి.పి.లో అక్షర విధానమని, ద్వ్యంక విధానమని రెండున్నవి. విండోస్ పంక్తి చివర 13, 10 అనే రెండు సంకేతాలను ఉంచుతుంది. లినక్స్‌కు 10 ఒక్కటే చాలును. అక్షర విధానంలో పంపితే, చేరిన చోట 13ను తొలగిస్తారు. వ్యాసానికి ఇది మేలే. ఛాయాచిత్రంలో పంక్తులుండవు, అయినను 13 పక్కన 10 యాదృచ్ఛికంగా సగటున 65,536 చోట్లకు ఒకసారి తారసపడుతుంది. మూడు మెగాబైట్ల చిత్రంలో ఈ లెక్కన సుమారు నలభై ఎనిమిది బైట్లు మాయమగును. ఎక్కడెక్కడ మాయమైనవో చెప్పే ఆనవాలేదీ మిగలదు. నేను వాడిన పాత ప్రోగ్రాము అక్షర విధానంతోనే ఆరంభమయ్యేది. అది చూసుకొనకపోవుట నా తప్పు.

అక్షర విధానానికి మొదట ఆధారమైన ఆస్కీ పట్టికలో 128 సంకేతాలే ఉన్నవి. వాటిలో తెలుగుకు గాని ఉర్దూకు గాని తావు లేదు. ఫైళ్ల పేర్లను మన లిపులలో వ్రాసుకొనుటకు ఎఫ్.టి.పి.లో దారి చూపిన నియమాలు 1999లో గాని రాలేదు.

అంతకంటె పెద్ద లోపం మరొకటి. సాదా ఎఫ్.టి.పి.లో సంకేతపదం పోస్టుకార్డు మీది వ్రాత వలె బాహాటంగా పోతుంది. దారిలో కాచుకొన్నవాడు తేలికగా చదువుకొనవచ్చును. ఒకరినొకరు ఎరిగిన కొద్దిమంది పరిశోధకుల కాలంలో ఇది సరిపోయినది. 1995లో ఫిన్లండులోని హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయపు అనుసంధానంలో సంకేతపదాల చౌర్యం జరిగిన పిమ్మట, అక్కడి తాతు యులోనెన్ ఎస్.ఎస్.హెచ్. అనే సాఫ్ట్‌వేర్‌ను రూపొందించినారు. ఇది మాటలన్నిటిని గూఢలిపిలోనికి మార్చి పంపుతుంది. దానికి వారు కోరి పొందిన ద్వారసంఖ్య 22, ఎఫ్.టి.పి.కి 21, టెల్నెట్‌కు 23 ఉండగా నడుమ ఖాళీగా ఉన్నది అదే! ఎస్.ఎఫ్.టి.పి. ఈ గూఢమార్గంలోనే నడుస్తుంది. దాని వాడుకలో ఉన్న రూపం బైట్లను ఉన్నవున్నట్లే చేరవేస్తుంది గనుక నా ఛాయాచిత్రాలకు పట్టిన గతి అందులో పట్టదు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లు రెండూ 2021లో ఎఫ్.టి.పి.ని విడిచిపెట్టినవి.

ఇక ఆర్‌సింక్ సంగతి. దీనిని ఆస్ట్రేలియా జాతీయ విశ్వవిద్యాలయానికి చెందిన ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరస్ 1996లో వెలువరించినారు. ఒక పెద్ద ఫైలు పాత ప్రతి అవతలి సర్వర్‌లో ఉన్నదనుకొందము. అవతలి యంత్రం దానిని ముక్కలుగా చేసి, ఒక్కొక్క ముక్కకు సరిచూపు సంఖ్యలు కట్టి ఇవతలికి పంపుతుంది. ఇవతలి యంత్రం కొత్త ప్రతిపై ముక్కంత కిటికీని ఒక్కొక్క బైటు చొప్పున జరుపుతూ అదే సంఖ్య వచ్చేచోటు వెదకుతుంది. కిటికీ జరిగినప్పుడు బయటపడిన బైటును తీసివేసి, లోనికి వచ్చినదానిని కలిపితే కొత్త సంఖ్య సిద్ధం. మొత్తం మళ్లీ లెక్కించనక్కరలేదు. చివరకు మారిన భాగం మాత్రమే ప్రయాణిస్తుంది. ఫైలు మొదట్లో ఒక్క అక్షరం చేర్చినంత మాత్రాన మిగిలినదంతా పంపవలసిన పని లేదు. ఇంత చమత్కారమైన లెక్క ఈ రంగంలో అరుదని నా అభిప్రాయం.

ఏ సాఫ్ట్‌వేర్ వాడినను మూలప్రతిని చెరిపేముందు రెండు వైపులా షా-256 అనే సరిచూపు సంఖ్యను కట్టించి పోల్చవచ్చును. అది 64 గుర్తుల వరుసగా కనిపిస్తుంది. ఒక్క బైటు మారినను వరుస గుర్తు పట్టలేనంతగా మారిపోతుంది. ఈ పనికి నిమిషమైనా పట్టదు.

పోయిన ఆ పదిహేను చిత్రాలలో మూడింటికి సాటి రాగల చిత్రాలు, అదే సభలో తీసినవి, ఒక విద్యార్థిని సెల్‌ఫోనులో దొరికినవి. ఈ సంచికలో అచ్చయినవి ఆ మూడే.