వాకిట్లో కాపలా – దొడ్డి తలుపు బార్లా!

2003 జనవరి 25, శనివారం. మన గడియారాల్లో ఉదయం పదకొండు కావస్తోంది. ఇంటర్నెట్‌లో ఒక చిన్న ప్యాకెట్టు బయలుదేరింది. తపాలా ప్యాకెట్టు కాదు లెండి! కంప్యూటర్లు తాము పంపే సమాచారాన్ని ముక్కలు చేసి, ప్రతి ముక్క మీదా చిరునామా రాసి పంపుతాయి. ఆ ముక్కే ప్యాకెట్టు. మనం చెప్పుకునే ప్యాకెట్టు పరిమాణం చిరునామాతో సహా 404 బైట్లు. తెలుగులో రాస్తే ఒకటి రెండు చిన్న వాక్యాలంత!

అంతలోనే ఒక పూర్తి పురుగు ఇమిడి ఉంది. మైక్రోసాఫ్ట్ వారి ఎస్.క్యు.ఎల్. సర్వర్ అనే ప్రోగ్రాములో అప్పట్లో ఒక లోపం ఉండేది. ఆ లోపమున్న కంప్యూటరులోకి ఈ ప్యాకెట్టు వెళ్తే చాలు, అలాంటి ప్యాకెట్లనే అది నలుదిక్కులకూ విసరసాగుతుంది. ఈ పురుగుకు 'స్లామర్' అని పేరు పెట్టారు.

పెన్సిలు తీసుకుని లెక్క వేయండి. మొదట్లో పురుగు సోకిన కంప్యూటర్ల సంఖ్య 8.5 సెకండ్లకు ఒకసారి రెట్టింపయింది. నిమిషానికి ఏడు రెట్టింపులు. అంటే 1 కాస్తా 128! అదే వేగంతో సాగితే రెండో నిమిషానికి 16 వేలు దాటాలి. పది నిమిషాలలోపే, లోపమున్న కంప్యూటర్లలో నూటికి 90 దాని వాతపడ్డాయి. మొత్తం 75 వేలకు తక్కువ కాదు. విచిత్రమేమిటంటే ఆ లోపానికి విరుగుడు 2002 జూలైలోనే వచ్చింది. చాలామంది దాన్ని వేసుకోలేదు, అంతే.

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో డేవిస్-బెస్సీ అనే అణువిద్యుత్ కేంద్రం ఉంది. దాన్ని నడిపే సంస్థ నెట్‌వర్కు వాకిట్లో ఫైర్‌వాల్ కాపలా కాస్తోంది. స్లామర్ దూరే ద్వారం, అంటే 1434 నంబరు పోర్టు, మూసే ఉంది. అయినా పురుగు లోపలికి వచ్చింది! ఎలాగంటారా? ఒక కాంట్రాక్టరు కంప్యూటర్ల నుంచి లోపలికి విడిగా ఒక లైను ఉంది. ఆ లైనుకు కాపలా లేదు. రియాక్టరు భద్రతకు సంబంధించిన కొలతలు చూపే తెర దాదాపు 5 గంటలు పనిచేయలేదు. అదృష్టవశాత్తు అప్పటికే మరమ్మతుల కోసం రియాక్టరును ఆపి ఉంచారు.

ఫైర్‌వాల్ ముఖ్యంగా కవరు మీది చిరునామా చూస్తుంది. కవరు విప్పి ఉత్తరం కూడా చదివే కాపలాదారు ఇంకొకడున్నాడు. ఇంగ్లీషులో ఇంట్రూజన్ ప్రివెన్షన్ సిస్టం అంటారు. మనం 'చొరబాటు నిరోధకం' అందాం. ఇది దారికి అడ్డంగా కూర్చుని, వచ్చిపోయే ప్యాకెట్లను తనకిచ్చిన సూత్రాలతో పోల్చి చూస్తుంది. స్లామర్‌కు సూత్రం ఇలా ఉంటుంది: 1434 పోర్టుకు వెళ్తోందా? లోపలి మొదటి బైటు 4 ఏనా? ఆ పురుగులో కనిపించే ఫలానా బైట్ల వరుస ఉందా? అన్నీ కలిస్తేనే ఆపు. మొదటి రెండూ చూసి ఆపేస్తే సరిపోదా అంటారేమో. సరిపోదు. న్యాయమైన పని మీద వచ్చే ప్యాకెట్లు కూడా ఆ 4 తోనే మొదలు కావచ్చు!

సూత్రాలు రాయడానికి ముందు దానికి చెప్పవలసింది ఒకటుంది: మన ఇల్లు ఏది, వీధి ఏది? అంటే మన కంప్యూటర్ల చిరునామాలు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అని. ఒక కళాశాలలో కొత్త ప్రయోగశాల తెరిచి, కొత్త చిరునామాలు ఇచ్చారనుకోండి. ఆ సంగతి నిరోధకానికి చెప్పడం మరిచారు. దాని దృష్టిలో ఆ గది వీధిలోనే ఉంది! అక్కడికి ఏం వచ్చినా కిమ్మనదు. హెచ్చరికలు రావడం లేదని అందరూ సంతోషిస్తారు. అందుకే అనుభవజ్ఞులు అప్పుడప్పుడు హానిలేని ఒక పరీక్ష ప్యాకెట్టును తామే పంపి, అది అరుస్తుందో లేదో చూస్తారు.

కొత్త నిరోధకానికి మొదటి రోజే ఆపే అధికారం ఇవ్వరు. కొన్ని వారాలు 'చూడు, రాసుకో, ఎవరినీ ఆపకు' అంటారు. ఎందుకో తెలియాలంటే మళ్ళీ పెన్సిలు పట్టాలి. రోజుకు 10 లక్షల ప్యాకెట్లు వస్తున్నాయి. వాటిలో చెడ్డవి 10. మన నిరోధకం నూటికి 99 సార్లు సరిగ్గా చెబుతుంది. పరీక్షలో 99 మార్కులంటే మాటలా! కాని మిగిలిన ఆ ఒక్క శాతం వల్ల దాదాపు 10,000 మంచి ప్యాకెట్లను అది దొంగలంటుంది. అసలు దొంగలు పదే. అంటే అది 'దొంగ' అని వెయ్యిసార్లు అరిస్తే, అందులో నిజం ఒక్కటే! స్టెఫాన్ ఆక్సెల్సన్ అనే పరిశోధకుడు 1999లో ఈ చిక్కునే లెక్కలతో చూపించాడు. జల్లెడ కన్నాలు పెద్దవైతే పొట్టు దిగుతుంది, మరీ చిన్నవైతే పిండి కూడా దిగదు.

ఒకనాడు పరీక్షా ఫలితాల పేజీ తెరుచుకోలేదనుకుందాం. కంగారుపడి నిరోధకం తీగ పీకేయడం తేలికే. కాని చేయవలసింది దాని దినచర్య పుస్తకం, అంటే లాగ్, తెరవడం. ఆ సమయానికి ఏ నంబరు సూత్రం ఏ చిరునామాను ఆపిందో అందులో ఉంటుంది. ఆ ఒక్క చిరునామాకు ఆ ఒక్క సూత్రాన్ని సడలిస్తే చాలు. లాగ్‌లో ఏమీ లేకపోతే? నిరోధకానికి ముందు ఒకచోట, వెనుక ఒకచోట ప్యాకెట్లను పట్టి పోల్చాలి. ముందున్నది వెనుక లేకపోతే దొంగ ఇంట్లోనే ఉన్నాడు!

మరి కాపలాదారే సొమ్మసిల్లితే? తలుపు తెరిచి ఉంచాలా, మూసెయ్యాలా? ఇదీ ముందే నిర్ణయించి ఉంచాలి. ఆసుపత్రిలో రోగి వివరాలు ఆగితే ప్రాణం మీదికి వస్తుంది. బ్యాంకు ఖజానా తెరిచి ఉంటే కొంప మునుగుతుంది. నన్నడిగితే రెండింటికీ ఒకటే జవాబు లేదు.

కాపలాదారు కూలితే ఏమవుతుందో 2024 జూలై 19న లోకమంతా చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే సంస్థ చొరబాట్లను ఆపే ప్రోగ్రాము తయారుచేస్తుంది. ఇది దారిలో కాదు, ప్రతి కంప్యూటరులోనూ కూర్చుంటుంది. ఆ రోజు దానికి కొత్త సూత్రాలు పంపారు. వాటికి 21 విలువలు కావాలి, ప్రోగ్రాము అందించేది 20. లేని ఆ 21వ దాన్ని చదవబోయి అది కుప్పకూలింది, తనతోపాటు విండోస్‌ను కూడా పడగొట్టింది. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం అలా ఆగినవి 85 లక్షల కంప్యూటర్లు. హైదరాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగు పాసులు చేత్తో రాసి ఇచ్చారు!

తప్పు సూత్రాలను 78 నిమిషాల్లో వెనక్కు తీసుకున్నారు. కాని అప్పటికే పడిపోయిన కంప్యూటర్లు తమంత తాము లేవలేవు. చాలాచోట్ల సిబ్బంది ఒక్కొక్క కంప్యూటరు దగ్గరికే వెళ్ళి, దాన్ని ప్రత్యేక పద్ధతిలో తెరిచి, పేరులో 291 అంకె ఉన్న ఒకే ఒక్క ఫైలును వెతికి తుడిచేయవలసి వచ్చింది.