వానకు నిలిచే డేరా

సెలవులొస్తే చాలు, కొండలెక్కుతామంటూ బయలుదేరే పిల్లలు ఇప్పుడు చాలా ఇళ్లలో ఉన్నారు. ఆడపిల్లలేమీ వెనకబడలేదు. 2014లో మన మాలావత్ పూర్ణ పదమూడేళ్లకే ఎవరెస్టు ఎక్కింది కదా! వద్దని కూర్చోబెట్టే బదులు, వాళ్లు వెంట తీసుకెళ్లే డేరా ఎలాంటిదో మనం చూసుకోవడం మంచిది. మంచు పడకపోయినా సరే, చలిగాలిలో రాత్రంతా తడిస్తే ఒళ్లు చల్లబడి ప్రాణం మీదికి వస్తుంది. తేలిగ్గా ఉంది కదా అని ఏదో ఒకటి కొనేయకండి.

ముందు గుడ్డ సంగతి. వానను ఆపే శక్తిని మిల్లీమీటర్లలో చెబుతారు. 1,500 అంటే, గుడ్డ మీద ఒకటిన్నర మీటరు ఎత్తు నీళ్లు నిలబెట్టినా కారదని అర్థం. పైగుడ్డకు అంతకు తగ్గకూడదు. కింద పరిచే గుడ్డ మీద మన బరువు పడుతుంది గనక దానికి 3,000 ఉంటే మేలు. గుడ్డ ఎంత మంచిదైనా సూది దిగిన చోట నీరు దిగుతుంది. కుట్ల మీద లోపలివైపు పట్టీ అతికించారో లేదో తిరగేసి చూడండి.

డేరాకు రెండు పొరలుండాలి. అన్నం గిన్నె మూతకు చెమ్మ పట్టినట్టే, మన ఊపిరిలోని ఆవిరి చల్లని గుడ్డకు తగిలి నీరవుతుంది. ఒక్క పొరే అయితే ఆ నీరు పక్కల మీదికే వస్తుంది. రెండుంటే లోపలి గుడ్డ దాన్ని అడ్డుకుంటుంది. వాన పడుతోందని గాలి కంతలు మూసెయ్యకూడదు.

అల్యూమినియం కడ్డీలు తేలిక. గాలికి వంగినా సరిచేసుకోవచ్చు. ఫైబర్ గ్లాసువి చవకే గాని, విరిగితే చీలికలై గుడ్డను చింపుతాయి. నిలువు గోడల డేరా గాలికి తెరచాపలా ఊగుతుంది. కడ్డీలు ఒకదాన్నొకటి దాటే, బోర్లించిన గిన్నెలాంటి పొట్టి డేరా నయం. ఇద్దరికి రెండు, రెండున్నర కిలోలది చాలు. గుడ్డ ఒకరు, కడ్డీలు ఒకరు మోసుకోవచ్చు.

కొన్నాక మేడ మీద వేయించండి. మేకులు దిగవు గనక తాళ్లను ఇటుకలకు కట్టి, రెండు బాల్చీల నీళ్లు గుమ్మరించండి. ఎక్కడ కారుతుందో ఇంట్లోనే తెలిసిపోతుంది.

పిల్లలకు మూడు మాటలు చెప్పండి: వాగు ఒడ్డున, ఒంటిచెట్టు కింద డేరా వేయొద్దు. లోపల స్టవ్ వెలిగించొద్దు. కంటికి కనబడని విషవాయువు కమ్ముతుంది. డేరా పిడుగును ఆపదు.

తిరిగొచ్చాక తడి డేరాను మడిచి అటక మీద పెట్టారో, బూజు పడుతుంది. నీడలో ఆరేసి దాచండి, పైయేటికీ పనికొస్తుంది.