అరకు ఘాట్‌లో తల తిరిగిందా? చెవిలో చుక్కలు వేసే ముందు

విశాఖ నుంచి అరకు వెళ్లే బస్సు శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కగానే చాలామందికి కడుపులో తిప్పుతుంది, చెవులు దిబ్బడేస్తాయి. ఇది జబ్బు కాదు. లోపలి చెవి ‘మలుపులు తిరుగుతున్నాం’ అంటుంటే, ఫోన్ మీదున్న కళ్లు ‘కదలడం లేదు’ అంటాయి. ఆ తగువు వల్లే వాంతి. దిబ్బడ గుటక వేస్తే వదులుతుంది.

కానీ “అమ్మీకి చెవి బాగాలేదు” అని మెడికల్ షాపులో చుక్కల మందు కొని వేసేస్తారే, అక్కడ కాస్త ఆగాలి. గులిమి మెత్తబడటానికి, నొప్పికి అమ్మే చాలా చుక్కల్లో లిగ్నోకైన్ గానీ బెంజోకైన్ గానీ ఉంటుంది. పన్ను పీకే ముందు చిగురుకిచ్చే ఇంజెక్షన్‌లో ఉండేదీ ఈ లిగ్నోకైనే.

కర్ణభేరి బాగుంటే పెద్ద ఇబ్బంది ఉండదు. దానికి చిల్లి ఉంటే మాత్రం మత్తు పల్చటి పొర గుండా లోపలి చెవికి ఇంకుతుంది. ఆ వైపు నరం మొద్దుబారుతుంది, రెండో చెవి మామూలుగానే కబురు పంపుతుంది. దాంతో తల గిరగిరా తిరుగుతోందని మెదడు అనుకుంటుంది. గంటల తరబడి వాంతులు, నిలబడలేకపోవడం. కొండ ఊళ్లలో అయినా మన బస్తీల్లో అయినా, చిన్నప్పటి నుంచి చెవి చీము కారేవాళ్లకు చిల్లి ఉండే అవకాశం ఎక్కువ.

చిత్రమేమిటంటే, ఈ జాతి మందుల్నే చెవి వైద్యానికీ వాడి చూశారు. లోపలి చెవిపై పరిశోధనకు 1914 నోబెల్ అందుకున్న రాబర్ట్ బారనీ, ముక్కులో ప్రొకైన్ సూది వేస్తే చెవిలో హోరు తగ్గడం 1935లో గమనించాడు. తరువాత లిగ్నోకైన్‌ను నరానికి ఎక్కించి చూశారు. చాలామందికి హోరు తగ్గింది, కానీ కొద్దిసేపే. మోతాదు మించితే ఫిట్స్ వస్తాయి, గుండె లయ తప్పుతుంది. అందుకే అది రోజువారీ మందు కాలేదు.

అయితే అసలు జబ్బును గుర్తుపట్టేదెలా? ఒక చెవి బరువెక్కి, హోరుమని, వినికిడి తగ్గి, ఇరవై నిమిషాల నుంచి కొన్ని గంటల దాకా తల తిరుగుతూ, మళ్లీ మళ్లీ వస్తుంటే మెనియర్స్ కావచ్చు. సజ్దాకు వంగినప్పుడు అర నిమిషం గిర్రుమంటే అది సాధారణంగా వేరే రకం. దాన్ని తలను ఒక పద్ధతిలో తిప్పి డాక్టర్లే సరిచేస్తారు. అప్పటిదాకా కూర్చుని నమాజు చదవొచ్చు.

విశాఖలో చెవి, ముక్కు, గొంతుకు ప్రత్యేకంగా ప్రభుత్వ ఆస్పత్రి ఉంది. చెవిలోకి లైటు వేసి చూడటానికి రెండు నిమిషాలు చాలు. చుక్కలు ఆ తర్వాత.