పీల్చే మందును మింగిస్తారు

ముద్ద గొంతులో అడ్డం పడితే నీళ్లు తాగమంటాం. ప్రతి ముద్దకూ నీళ్లు కావలసినవాళ్లు కొందరున్నారు. చపాతీని, మటన్ ముక్కను గోరంత చేసుకుని తింటారు. పంక్తిలో అందరికంటే చివర లేస్తారు. పెళ్లి భోజనాలంటే ఏదో సాకు చెప్పి తప్పుకుంటారు. 'వాడికి చిన్నప్పట్నుంచీ నిదానమే' అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. చివరికి ఒక రాత్రి ముక్క ఇరుక్కుని, ఉమ్మి కూడా దిగక ఆస్పత్రికి పరుగెత్తుతారు. ఎండోస్కోపీతో ముక్క తీసేశాక అంతా అయిపోయిందనుకుంటారు. అది ఎందుకు ఇరుక్కుందో ఎవరూ అడగరు. నన్ను ఎక్కువగా బాధపెట్టేది అదే.

అందుకు ఒక ముఖ్య కారణం ఇయోసినోఫిలిక్ ఈసోఫజైటిస్ అనే అన్నవాహిక జబ్బు. 'ఈస్నోఫీలియా' మన ఇళ్లల్లో పాత మాటే. దగ్గు, తుమ్ములకు రక్తపరీక్ష చేయించుకున్నవాళ్లు చాలామంది విన్నదే. ఇయోసిన్ అనే గులాబీ రంగు పట్టే ఇయోసినోఫిల్ తెల్లకణాలు పరాన్నజీవులతో పోరాడతాయి. ఫైలేరియా పురుగుల వల్ల ఊపిరితిత్తుల్లో ఇవి చెలరేగితే వాడే డైఇథైల్‌కార్బమజైన్, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సారథ్యంలో లెడర్లీ పరిశోధనశాల ఇచ్చిన మందే. ఈ అన్నవాహిక జబ్బులో మాత్రం పురుగు ఉండదు. పాలు, గోధుమ, గుడ్డు వంటి తిండినే శరీరం శత్రువుగా పొరబడుతుంది. ఆరోగ్యంగా ఉన్న అన్నవాహికలో ఈ కణాలు దాదాపు కనిపించవు. ఈ జబ్బులో గోడలోకి చొరబడి వాపు తెస్తాయి. ఏళ్లు గడిచేకొద్దీ గోడ గట్టిపడి, ఉంగరాల్లా మడతలు పడి, దారి సన్నబడుతుంది. 1993లో స్టీఫెన్ అట్‌వుడ్ బృందం, మరుసటి ఏడాది స్విట్జర్లాండ్‌లో అలెక్స్ స్ట్రౌమన్ బృందం దీన్ని ప్రత్యేక వ్యాధిగా గుర్తించాయి. అంతకుముందు దీన్ని ఎసిడిటీ ఖాతాలో వేసేవారు.

వాపు తగ్గించడానికి స్టెరాయిడ్ మాత్రలు పనిచేస్తాయి. వాటితో ముఖం ఉబ్బడం, షుగర్ పెరగడం, ఎముకలు బలహీనపడటం కూడా వస్తాయి. జబ్బు ఉన్నది గొంతు నుంచి పొట్ట దాకా ఉన్న ఒక గొట్టంలో. దానికోసం ఒళ్లంతా మందు పారించడం ఎందుకు? 1998లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు నలుగురు పిల్లలకు ఉబ్బసం ఇన్‌హేలర్ ఇచ్చారు. పీల్చవద్దు, నోట్లోకి కొట్టుకుని మింగమన్నారు. అందులోని స్టెరాయిడ్ పిల్లలకు ఉపశమనం ఇచ్చింది.

తర్వాత శాన్ డియాగోలో నెబులైజర్లో వేసే బ్యుడెసొనైడ్ ద్రవాన్ని సుక్రలోజ్ తీపిపొడితో చిక్కగా కలిపి పిల్లలకు ఇచ్చారు. ఆ చిక్కదనం విలువ 2012లో నార్త్ కరోలినాలో జరిగిన ఒక పరీక్షలో బయటపడింది. 25 మందిని రెండు గుంపులు చేసి, అదే మందును అంతే మోతాదులో కొందరికి నెబులైజర్ ఆవిరిగా మింగించారు, మిగతావాళ్లకు చిక్కని ద్రవంగా ఇచ్చారు. ఎనిమిది వారాల తర్వాత సూక్ష్మదర్శిని కింద ఒక్కో చూపులో కనిపించిన కణాలు ఆవిరి మింగినవాళ్లలో 89, చిక్కటి ద్రవం తాగినవాళ్లలో 11. గోడకు వేసిన సున్నంలా మందు కాసేపు పట్టుకుని ఉండాలి. అందుకే భోజనం తర్వాత వేసుకుని, అరగంట దాకా నీళ్లు కూడా తాగవద్దంటారు.

పొట్టలోకి జారిన బ్యుడెసొనైడ్‌లో దాదాపు తొంభై శాతాన్ని కాలేయం మొదటి విడతలోనే విరిచేస్తుంది. స్టెరాయిడ్ పేరు వింటేనే బెదిరే తల్లిదండ్రులకు ఈ సంగతి విడమరచి చెప్పాలి. నోట్లో, అన్నవాహికలో కాండిడా అనే బూజు తెల్లగా పట్టవచ్చు, దానికి మందులున్నాయి. పిల్లల ఎదుగుదల మీద మాత్రం కన్నేసి ఉంచాలి.

నోట్లో కరిగే బ్యుడెసొనైడ్ బిళ్లకు యూరప్ 2018లో అనుమతి ఇచ్చింది. తాగే ద్రవానికి అమెరికా 2024 ఫిబ్రవరిలో ఇచ్చింది. వేరే దారులూ ఉన్నాయి. ఎసిడిటీ మాత్రలతోనే సుమారు సగంమందికి వాపు తగ్గుతుంది. పాలు, గోధుమ మానేయడం ఇంకో మార్గం. జొన్నరొట్టె తినే ఇంటికి గోధుమ పెద్ద లోటు కాదు గానీ, పెరుగన్నం, మజ్జిగ, నెయ్యి లేకుండా పిల్లవాడికి భోజనం పెట్టడం చాలా కష్టం. అలాంటి ఇంటికి స్టెరాయిడే నయమని నా అభిప్రాయం. అయితే మందు ఆపితే చాలామందిలో జబ్బు తిరగబెడుతుంది. మింగడం తేలికైందన్న మాట ఒక్కటే చాలదు, రెండు మూడు నెలల తర్వాత మళ్లీ ఎండోస్కోపీ చేసి చూడాలి.

మందుల షాపుల్లో నెబులైజర్ బ్యుడెసొనైడ్ గొట్టాలు మామూలుగా దొరికేవే. ఇది చదివి ఎవరైనా సొంతంగా కొని మింగుతారేమోనని నా భయం. పైకి బాగానే కనిపించే అన్నవాహికలోనూ ఈ జబ్బు దాగి ఉండవచ్చు. అందుకే పై భాగం నుంచీ, కింది నుంచీ కలిపి కనీసం ఆరు ముక్కలు తీసి పరీక్షకు పంపాలి. ఒక్కో చూపులో 15 లేదా అంతకు మించి కణాలుంటే జబ్బు ఉన్నట్టు అనుమానించి, ఇతర కారణాలు లేవని చూసుకుని నిర్ధారిస్తారు. ముందే మందు మింగితే ఆ కణాలు చెదిరిపోతాయి, ముక్కల్లో డాక్టరుకు ఏమీ కనిపించదు.